కొత్త ఆలోచనకు ఖర్చు ఎవరిది, ఫలం ఎవరిది?

నవకల్పన ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ విధానం: ఒక పరిచయ పాఠం

మన ఇళ్లలో వండుకునే బీపీటీ బియ్యం, పసిపిల్లలకు ఆరో వారంలో వేయించే రోటావైరస్ చుక్కలు, కూరగాయల బండి దగ్గర ఫోన్‌తో చేసే చెల్లింపు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి ఆలోచించే అలవాటు మనకు లేదు. మొదటిది వ్యవసాయం, రెండోది వైద్యం, మూడోది బ్యాంకింగ్. ఆర్థికశాస్త్రం మాత్రం ఈ మూడింటినీ ఒకే కోవలో చేరుస్తుంది. ప్రతిదాని వెనకా ఒక కొత్త ఆలోచన ఉంది. అది ఫలించడానికి ఏళ్లు పట్టింది. ఆ ఖర్చును మార్కెట్ తనంతట తాను భరించలేదు. ఏదో ఒక రూపంలో ప్రభుత్వం చెయ్యి వేయాల్సి వచ్చింది.

ఎందుకు వేయాల్సి వచ్చింది? ఎన్ని రకాలుగా వేయవచ్చు? ప్రతి రకంలోనూ చివరికి బిల్లు ఎవరి చేతికి వస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం. డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్న మన పిల్లలకు, బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నవారికి ఇది పనికొస్తుంది. బడ్జెట్ వార్తల్లో ‘ఇన్నోవేషన్’ అనే మాట విన్నప్పుడల్లా దాని లోతు తెలుసుకోవాలనుకునే ఇంటిపెద్దలకూ ఉపయోగపడుతుందని ఆశ.

ఆవిష్కరణ వేరు, నవకల్పన వేరు

పత్రికల్లో ఈ రెండు మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. ఆర్థికశాస్త్రం వీటిని విడదీసి చూస్తుంది. ఇంతకుముందు తెలియనిదాన్ని కనిపెట్టడం ఆవిష్కరణ. దాన్ని జనం వాడుకునే వస్తువుగానో, సేవగానో, పద్ధతిగానో మార్చి ఆచరణలోకి తేవడం నవకల్పన. టీకాకు పనికొచ్చే వైరస్ రకాన్ని ప్రయోగశాలలో గుర్తించడం మొదటిది. ఆ టీకా పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రం దాకా చేరడం రెండోది. ఈ రెండింటి మధ్య దూరం ఒక్కోసారి పాతికేళ్లు దాటుతుంది.

ఈ విషయాన్ని మొదట పద్ధతిగా పరిశీలించినవారిలో జోసెఫ్ షుంపీటర్ ముఖ్యుడు. ఆయన చెప్పిన నవకల్పనలు ఐదు రకాలు: కొత్త వస్తువు, కొత్త ఉత్పత్తి పద్ధతి, కొత్త మార్కెట్, కొత్త ముడిసరుకు వనరు, కొత్త నిర్వహణ రూపం. అంటే నవకల్పనకు యంత్రమో, కంప్యూటరో ఉండి తీరాలని లేదు. 1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల బ్యాంకు అనుసంధానాన్నే చూడండి. ఆస్తి తాకట్టుకు బదులు సంఘంలోని మహిళల పరస్పర హామీనే ఆధారంగా తీసుకోవడం అందులోని కొత్తదనం. కొత్త యంత్రం ఒక్కటీ లేదు. అయినా మన తెలుగు రాష్ట్రాల పల్లెల్లో అది తెచ్చిన మార్పు బ్రాంచిల్లో పనిచేసిన ప్రతివారికీ తెలుసు.

దేశాలు ఎదిగేది దేనితో?

భూమి, శ్రమ, పెట్టుబడి పెరిగితే ఉత్పత్తి పెరుగుతుందని మనం చదువుకున్నాం. 1957లో రాబర్ట్ సోలో అమెరికా లెక్కలు తీసి చూశాడు. 1909 నుంచి 1949 వరకు ఒక్కో పనిగంటకు వచ్చే ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. ఆ పెరుగుదలలో అదనపు పెట్టుబడి వాటా ఎనిమిదో వంతు మాత్రమే. మిగిలిన ఏడు వంతులూ సాంకేతిక ప్రగతి ఖాతాలోకి వెళ్లాయి. పని చేసే తీరు మెరుగుపడటమే ఎదుగుదలకు అసలు ఊపు అన్నమాట.

అయితే సోలో లెక్కలో ఆ ప్రగతి ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. అది ఎక్కడి నుంచి వస్తుందో 1990లో పాల్ రోమర్ వివరించాడు. లాభం ఆశించేవారు కావాలని వెచ్చించిన శ్రమ, డబ్బు నుంచే కొత్త ఆలోచనలు పుడతాయని, కాబట్టి వాటిని విధానాలతో పెంచవచ్చు, తుంచవచ్చు అని ఆయన సారాంశం. సోలోకు 1987లో, రోమర్‌కు 2018లో నోబెల్ ఆర్థిక పురస్కారం వచ్చింది. 2025లో నవకల్పన ఆధారిత వృద్ధిని వివరించినందుకే జోయెల్ మోకిర్, ఫిలిప్ అగియాన్, పీటర్ హోవిట్ ఈ పురస్కారం అందుకున్నారు.

ఆలోచన అనే వింత సరుకు

ఇక అసలు చిక్కులోకి వద్దాం. మీ ఇంట్లో ఒక జాడీ ఆవకాయ ఉంది. పక్కింటివారికి సగం పెడితే మీకు సగమే మిగులుతుంది. కానీ ఆ ఆవకాయ కొలతలు చెప్పారనుకోండి, మీ దగ్గర ఏమీ తగ్గదు. వాళ్లు ఇంకో పదిమందికి చెప్పినా తగ్గదు. జాడీ మామూలు సరుకు, కొలతలు ఆలోచన. ఎంతమంది వాడుకున్నా తరగకపోవడం ఆలోచనకున్న మొదటి గుణం. ఒకసారి బయటికి వచ్చాక ఇతరులు వాడకుండా ఆపడం కష్టం కావడం రెండో గుణం.

సమాజానికి ఈ రెండు గుణాలూ వరమే. కనిపెట్టినవారికి మాత్రం ఇబ్బంది. ఒకావిడ ఆరు నెలలు శ్రమపడి, పది జాడీలు పాడుచేసుకుని, నూనె సగం వేసినా ఏడాది నిలవుండే పచ్చడి పద్ధతి కనిపెట్టిందనుకుందాం. మర్నాటి నుంచి వీధిలో అందరూ అదే పద్ధతిలో పెట్టి అమ్మితే, ఆమె పోగొట్టుకున్న పది జాడీల ఖర్చు ఎవరిస్తారు? వీధివాళ్లకు ఆ ఖర్చు లేదు కనుక ఆమె కంటే తక్కువ ధరకే అమ్మగలరు. ఇది ముందే తెలిసినామె అసలు ప్రయోగమే మొదలుపెట్టదు.

1962లో కెన్నెత్ యారో ఈ చిక్కును సిద్ధాంతంగా చెప్పాడు. పరిశోధన ఫలితాన్ని పరిశోధకుడు పూర్తిగా తన దగ్గర ఉంచుకోలేడు, పైగా ఫలితం వస్తుందో రాదో ముందుగా తెలియదు. కాబట్టి పోటీ మార్కెట్‌ను దానంతట వదిలేస్తే, సమాజానికి అవసరమైనదానికంటే తక్కువ పరిశోధనే జరుగుతుంది. ఎంత ఫలం బయటికి పోతుందో విలియం నార్డ్‌హాస్ అంచనా కట్టాడు. 1948 నుంచి 2001 వరకు అమెరికాలో సాంకేతిక ప్రగతి తెచ్చిన ప్రయోజనంలో నవకల్పకులకు దక్కింది సుమారు 2.2 శాతం. మిగిలినదంతా ప్రధానంగా వినియోగదారులకు చేరింది.

మార్కెట్ వదిలేసిన ఈ ఖాళీలోనే ప్రభుత్వ విధానానికి చోటుంది. పూడ్చే దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటి దారి: ప్రభుత్వమే పరిశోధించడం

బీపీటీ 5204 పేరులోని మొదటి మూడక్షరాలు బాపట్లను సూచిస్తాయి. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రూపొందిన ఈ వరి రకం 1986లో విడుదలైంది. సాంబ మసూరి అని దీనికి మరో పేరు. సన్నని గింజ, మంచి రుచి ఉండటంతో ఆంధ్ర, తెలంగాణలే కాక కర్ణాటక, తమిళనాడు రైతులూ దీన్ని విస్తారంగా సాగుచేశారు.

ఈ పని ఒక ప్రైవేటు కంపెనీ ఎందుకు చేయలేదు? హైబ్రిడ్ విత్తనమైతే రైతు ఏటా కొనక తప్పదు. బీపీటీ లాంటి సూటి రకంలో, పండిన ధాన్యంలోంచే వచ్చే ఏటికి విత్తనం తీసిపెట్టుకోవచ్చు, పక్క రైతుకూ ఇవ్వవచ్చు. కంపెనీకి మొదటి ఏడాది అమ్మకమే చివరిది కావచ్చు. ఆవకాయ కొలతల సమస్యే ఇక్కడ పొలంలో కనిపిస్తుంది. అందుకే ఇలాంటి పరిశోధనకు పన్ను డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాలే దిక్కు.

కథ అక్కడితో ఆగలేదు. ఈ రకానికి బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు సోకే బలహీనత ఉంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి, తెగులును తట్టుకునే జన్యువులను సంకరం ద్వారా ఇందులోకి తెచ్చాయి. జన్యు గుర్తుల సాయంతో మొక్కలను ఎంపిక చేస్తూ రూపొందించిన ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ 2008లో విడుదలైంది. ఒక ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ఫలాన్ని ఇంకో రెండు సంస్థలు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా మెరుగుపరచగలిగాయి. ఈ దారికున్న పెద్ద బలం ఇదే.

బలహీనతలూ ఉన్నాయి. ఏ పరిశోధన చేయాలో నిర్ణయించేది మార్కెట్ కాదు, కమిటీ. నిధులు బడ్జెట్ మీద ఆధారపడతాయి. ప్రయోగశాలలోనే ఆగిపోయిన మంచి పనులకు లెక్కలేదు. ఇక్కడ బిల్లు కట్టేది పన్ను చెల్లింపుదారు, అంటే మనందరం.

రెండో దారి: పేటెంట్

పేటెంట్ అంటే సమాజానికీ, నవకల్పకుడికీ మధ్య ఒక ఒప్పందం. ‘నీ పద్ధతి దాచకుండా బయటపెట్టు. కొన్నేళ్లపాటు దాని మీద నీకే హక్కు ఇస్తాం’ అని ప్రభుత్వం అంటుంది. ఆ కాలంలో పోటీ ఉండదు కనుక ధర ఎక్కువగా ఉంటుంది. అంటే ఈ దారిలో బిల్లు కట్టేది ఆ వస్తువు కొనేవారు. వస్తువు టీవీ అయితే, కొనకుండా ఊరుకోవచ్చు. క్యాన్సర్ మందు అయితే?

ఈ ప్రశ్న మన దేశానికి స్వాతంత్ర్యం నాటి నుంచీ ఉంది. 1911 నాటి బ్రిటిష్ కాలపు చట్టం కింద మందుల మార్కెట్లో విదేశీ కంపెనీలదే పైచేయి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త పేటెంట్ల చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. అందులోని కీలకం ఒక్కటే: మందులకు, ఆహార పదార్థాలకు వస్తువు మీద పేటెంట్ ఉండదు, తయారీ పద్ధతి మీదే ఉంటుంది. అదే మందును ఇంకో పద్ధతిలో తయారుచేయగలిగితే అమ్ముకోవచ్చు.

ఇంకో పద్ధతి కనిపెట్టాలంటే రసాయనశాస్త్రం తెలిసినవారు కావాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ అలాంటివారికి బడి అయింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి ఆ తర్వాత పరిశ్రమలు పెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమ అల్లుకోవడంలో ఆ చట్టానికీ, ఈ సంస్థకూ పెద్ద భాగం ఉంది. ఐడీపీఎల్ తానుగా నష్టాల్లో కూరుకుపోయింది. కానీ అక్కడ నేర్చిన విద్య గోడ దాటి ఊరంతా పాకింది. బ్యాలన్స్ షీటులో కనిపించని ఈ లాభాన్నే ఆర్థికవేత్తలు ‘పొంగిపొరలే ప్రయోజనం’ అంటారు.

దాని ఫలితం ఎంత దూరం వెళ్లిందో 2001లో ప్రపంచం చూసింది. హెచ్ఐవీకి మూడు మందుల చికిత్స ఏడాదికి పదివేల డాలర్లు దాటుతున్న రోజుల్లో, ముంబైకి చెందిన సిప్లా దాన్ని ఆఫ్రికాలో సేవచేస్తున్న వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానంది.

అయితే నాణేనికి రెండో వైపు ఉంది. ఈ చట్టం ఉన్నన్నాళ్లూ మన కంపెనీలు ఉన్న మందులను చవకగా తయారుచేయడంలో ఆరితేరాయి కానీ, సరికొత్త మందును కనిపెట్టే పెట్టుబడికి పెద్దగా ముందుకు రాలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1 నుంచి మందులకు మళ్లీ వస్తు పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. కొత్త చట్టంలో రెండు రక్షణలు ఉన్నాయి. ఒకటి, పాత మందుకు చిన్న మార్పు చేసి, చికిత్స గుణం పెరగకపోయినా కొత్త పేటెంట్ అడిగితే ఇవ్వనక్కర్లేదు. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే సమర్థించింది. రెండోది, తప్పనిసరి లైసెన్సు. మందు జనానికి అందుబాటు ధరలో దొరకకపోతే, ఇంకొకరు తయారుచేయడానికి ప్రభుత్వం అనుమతించవచ్చు. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు ఈ లైసెన్సు దక్కింది. మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ మందుకు నెలకు సుమారు రూ. 2.8 లక్షలు అవుతుండగా, నాట్కో రూ. 8,800కు మించకుండా అమ్మాలనీ, పేటెంట్ ఉన్న బేయర్ కంపెనీకి రాయల్టీ చెల్లించాలనీ షరతు పెట్టారు.

అంటే పేటెంట్ ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎంత గట్టిగా, ఎన్నాళ్లు, ఏ మినహాయింపులతో అన్నదే ప్రశ్న. గట్టిగా బిగిస్తే నేటి రోగి నష్టపోతాడు. పూర్తిగా వదిలేస్తే, రేపు రావాల్సిన మందు రాక రేపటి రోగి నష్టపోతాడు.

మూడో దారి: చేతులు కలపడం, కొంటానని ముందుకు రావడం

కొన్ని మందులకు పేటెంట్ కూడా పనిచేయదు. వాటి అవసరం ఉన్నవారి దగ్గర కొనే డబ్బు లేకపోవడమే కారణం. రోటావైరస్ వల్ల వచ్చే విరేచనాలు ఇందుకు ఉదాహరణ. ఒకప్పుడు మన దేశంలో ఏటా సుమారు 78 వేల మంది ఐదేళ్లలోపు పిల్లలు దీనికి బలవుతున్నారని అంచనా. విదేశీ టీకాలు ఉన్నా, ఆ ధరకు కోట్లమంది పిల్లలకు వేయడం ప్రభుత్వానికి మోయలేని భారం.

1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఒక విశేషం గమనించింది. ఆసుపత్రిలో కొందరు నవజాత శిశువులకు రోటావైరస్ సోకింది, కానీ జబ్బు చేయలేదు. ఆ పిల్లలకు తర్వాత కూడా తీవ్రమైన విరేచనాల నుంచి రక్షణ దొరికింది. 116ఈ అనే ఆ వైరస్ రకం టీకాకు విత్తనమైంది. దాన్ని టీకాగా మార్చడంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్, పాథ్ అనే స్వచ్ఛంద సంస్థ చేతులు కలిపాయి. తయారీ బాధ్యత హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తీసుకుంది. డోసు ఒక డాలరుకే ఇస్తామని ఆ కంపెనీ మాటిచ్చింది.

చివరి దశ పరీక్షలు ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద జరిగాయి. మొదటి ఏడాదిలో తీవ్రమైన జబ్బు నుంచి సుమారు 56 శాతం రక్షణ తేలింది. 2015 మార్చిలో రోటావాక్ విడుదలైంది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేరింది. మొదటి విడతలో తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగిలినవి హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా.

ఈ కథలో ఎవరు ఏ రిస్కు తీసుకున్నారో గమనించండి. ఫలితం వస్తుందో రాదో తెలియని తొలి దశలో ప్రభుత్వం, దాతృత్వ సంస్థలు డబ్బు పెట్టాయి. భారీగా తయారుచేసే దశలో కంపెనీ పెట్టుబడి పెట్టింది. చివర్లో కోట్ల డోసులు కొనే పెద్ద కొనుగోలుదారుగా ప్రభుత్వం నిలబడింది. లాభం డోసుకు తక్కువే అయినా, అమ్మకం ఖాయమైతే కంపెనీకి లెక్క కుదురుతుంది. ప్రభుత్వ కొనుగోలు అంటే టెండర్లు, బిల్లులే అనుకుంటాం. సరిగా వాడితే అది నవకల్పనకు పెద్ద ఊతం. ప్రయోగశాల నుంచి పిల్లవాడి నోటిదాకా చేరడానికి మాత్రం సుమారు ముప్ఫై ఏళ్లు పట్టింది. ఓపిక లేని డబ్బుతో అయ్యే పని కాదిది.

నాలుగో దారి: ఉమ్మడి వేదిక వేయడం

నాలుగోది మన బ్యాంకు కుటుంబాలకు బాగా దగ్గరిది. 2008లో రిజర్వు బ్యాంకు, భారతీయ బ్యాంకుల సంఘం చొరవతో, బ్యాంకులే వాటాదారులుగా ఎన్‌పీసీఐ ఏర్పడింది. లాభాపేక్ష లేని సంస్థ ఇది. 2010లో ఐఎంపీఎస్, 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చాయి. ఏ బ్యాంకు ఖాతా నుంచైనా, ఏ యాప్ నుంచైనా, ఏ బ్యాంకు ఖాతాకైనా డబ్బు వెళ్లడమే ఇందులోని అసలు నవకల్పన. రహదారి ఒకటే, దాని మీద నడిచే బళ్లు ఎవరివైనా కావచ్చు. 2023 ఆగస్టులో నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. సరిగ్గా రెండేళ్లకు, 2025 ఆగస్టులో రెండువేల కోట్లు దాటాయి.

మరి బిల్లు? 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి నుంచి రుసుము వసూలు చేయకూడదు. బజ్జీల బండి దాకా క్యూఆర్ కోడ్ వెళ్లడానికి ఇదో ముఖ్య కారణం. కానీ సర్వర్లు, భద్రత, ఫిర్యాదుల పరిష్కారం, ఆగిపోయిన లావాదేవీ తిరగరాయడం, ఇవన్నీ ఉచితంగా జరగవు. ఆ ఖర్చు బ్యాంకులు, చెల్లింపు సంస్థలు భరిస్తున్నాయి. కేంద్రం ప్రోత్సాహక నిధి రూపంలో కొంత తిరిగి ఇస్తోంది. 2024–25కు చిన్న వ్యాపారుల చెల్లింపుల కోసం అలా ఆమోదించింది సుమారు రూ. 1,500 కోట్లు. ‘పెద్ద వ్యాపారుల నుంచైనా కొద్దిపాటి రుసుము తీసుకోవాలి’ అని ఒక వాదం. ‘ఒకసారి రుసుము పెడితే జనం మళ్లీ నోట్లవైపు వెళ్తారు’ అని ఇంకో వాదం. రెండింటిలోనూ సత్తువ ఉంది. రోడ్డు అందరిదీ అయినప్పుడు దాని మరమ్మతు ఎవరి డబ్బుతో జరగాలన్న పాత ప్రశ్నే ఇది.

ఇంకో సంగతి. వేదిక అందరిదీ అయినా, లావాదేవీల్లో అత్యధిక భాగం రెండే యాప్‌ల ద్వారా జరుగుతోంది. ఏ యాప్ వాటా అయినా 30 శాతం దాటకూడదని 2020 నవంబరులో ఎన్‌పీసీఐ ప్రకటించినా, అమలు గడువును 2026 డిసెంబరు వరకు పొడిగించాల్సి వచ్చింది. నేటి నవకల్పకుడే రేపు కొత్తవారికి అడ్డుగోడ కావచ్చు. అందుకే పోటీని కాపాడటం కూడా నవకల్పన విధానంలో భాగం.

ఇందులో బ్యాంకు పాత్ర ఎంత?

‘మంచి ఆలోచన ఉంది, బ్యాంకు అప్పివ్వడం లేదు’ అనే మాట మనం బంధువుల ఇళ్లలోనూ వింటుంటాం. బ్యాంకువాళ్లు పిరికివాళ్లని తీర్మానించే ముందు ఈ లెక్క చూడండి.

ఒక్కొక్కరికి రూ. 10 లక్షల చొప్పున 100 మందికి, 10 శాతం వడ్డీకి ఏడాదిపాటు అప్పిచ్చామనుకుందాం. మొత్తం రూ. 10 కోట్లు. తొమ్మిది మంది పూర్తిగా విఫలమై పైసా కట్టకపోతే, మిగిలిన 91 మంది తలా 11 లక్షలు కడితే వచ్చేది రూ. 10.01 కోట్లు. అసలు మాత్రం వచ్చింది. డిపాజిటరుకు ఇవ్వాల్సిన వడ్డీకి చేతిలో ఉన్నది లక్ష రూపాయలు. పదో మనిషి కూడా విఫలమైతే అసలులోనే పది లక్షలు పోయినట్టు. కొత్త ఆలోచనల వ్యాపారాల్లో విఫలమయ్యేవారు పదిశాతంతో ఆగరు.

అదే వందమంది వ్యాపారాల్లో వాటాలు కొన్నవారి లెక్క వేరు. 98 మునిగినా, రెండింటి విలువ వంద రెట్లు పెరిగితే, రూ. 10 కోట్లకు 20 కోట్లు వస్తాయి. అప్పు ఇచ్చినవారికి విజయంలో వాటా లేదు, వైఫల్యంలో మాత్రం ఉంది. పైగా ఆ డబ్బు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిదో, కూతురి పెళ్లికి దాచుకున్న రైతుదో. ఆలోచనను తాకట్టు పెట్టుకోవడానికి దానికి సర్వే నంబరు ఉండదు.

అందుకే విధానకర్తలు రిస్కును పంచే ఏర్పాట్లు చేశారు. చిన్న పరిశ్రమల రుణాలకు 2000 నుంచి పరపతి హామీ ట్రస్టు ఉంది. స్టార్టప్‌ల కోసం 2022లో ప్రత్యేక రుణ హామీ పథకం వచ్చింది. 2016లో సిడ్బీ ద్వారా రూ. 10,000 కోట్లతో ‘నిధులకు నిధి’ ఏర్పడింది. ఇది నేరుగా స్టార్టప్‌లకు కాక, వాటిలో వాటాలు కొనే నిధులకు డబ్బు ఇస్తుంది. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం రూ. లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన పథకాన్ని ఆమోదించింది. ప్రైవేటు పరిశోధనకు తక్కువ వడ్డీతో లేదా వడ్డీ లేకుండా దీర్ఘకాలిక నిధులివ్వడం దీని లక్ష్యం.

ఈ పథకం అవసరం ఎందుకొచ్చిందో ఒక అంకె చెబుతుంది. 2020–21లో పరిశోధన, అభివృద్ధి మీద మన దేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. చైనాలో ఇది రెండు శాతానికి పైనే, దక్షిణ కొరియాలో నాలుగు శాతానికి పైనే. ఆ దేశాల్లో మూడొంతులకు పైగా పరిశ్రమలే ఖర్చు చేస్తాయి. మన దగ్గర ప్రైవేటు పరిశ్రమల వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. ప్రభుత్వం ఎంత పెట్టినా, పరిశ్రమ తన వంతు పెట్టకపోతే ఈ అంకె పెద్దగా కదలదు.

ఈలోగా బ్యాంకుకు సొంతంగా ఒక నవకల్పన అందివచ్చింది. టిఫిన్ సెంటర్ నడిపేవారికి లెక్కల పుస్తకం లేకపోయినా, రోజువారీ క్యూఆర్ వసూళ్లు ఖాతాలో కనిపిస్తాయి. తాకట్టు లేని చోట ఆ లావాదేవీల చరిత్రే వారి శక్తికి కొంత రుజువవుతుంది. ఉచితమనుకున్న యూపీఐ ఇలా వేరే దారిలో బ్యాంకుకు ఫలం ఇవ్వగలదు.

నష్టపోయేవారి మాట

నవకల్పన పాతదాన్ని కూలుస్తూ కొత్తదాన్ని నిలబెడుతుంది. షుంపీటర్ దీన్ని ‘సృజనాత్మక విధ్వంసం’ అన్నాడు. ఎస్టీడీ బూత్‌లు ఎలా మాయమయ్యాయో మనం చూశాం. ఆ బూతుల్లో చాలావాటిని వికలాంగులకు ఉపాధిగా ఇచ్చారన్న సంగతి గుర్తుంచుకుంటే, విధ్వంసం అనే మాట ఎవరి మీద పడుతుందో అర్థమవుతుంది. దేశం మొత్తానికి లాభం మిగిలినా, నష్టం కొన్ని ఇళ్ల మీదే పడుతుంది.

మన రంగమే ఇందుకు మంచి పాఠం. బ్యాంకుల్లో యంత్రాల వాడకంపై 1983లో యాజమాన్యాల సంఘానికీ, ఉద్యోగ సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరింది. 1984లో రంగరాజన్ కమిటీ కంప్యూటరీకరణకు దారి సూచించింది. లెడ్జర్ల నుంచి కోర్ బ్యాంకింగ్‌కు మారడానికి సుమారు పాతికేళ్లు పట్టింది. ఆలస్యం అని కొందరంటారు. కానీ చర్చించి, శిక్షణ ఇచ్చి, ఉద్యోగులను వెంట తీసుకెళ్లిన మార్పు అది. లెడ్జరు రాసిన చెయ్యే కీబోర్డు నేర్చుకుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఆ తరంవారే.

అదే జాగ్రత్త నేడు ఖాతాదారుల విషయంలో అవసరం. ఓటీపీ మోసాలకు భయపడే పెద్దవయసు పెన్షనరు, స్మార్ట్‌ఫోన్ లేని కూలీ, వీళ్లు కౌంటరు దగ్గరికే వస్తారు. కొత్త సేవ ఎంతమందికి చేరిందన్నదానితో పాటు, ఎవరిని వదిలేసిందన్నదీ లెక్కలోకి రావాలి.

ఇంట్లో చర్చించడానికి నాలుగు ప్రశ్నలు

వచ్చే బడ్జెట్‌లోనో, వార్తల్లోనో నవకల్పన పేరుతో ఒక పథకం వినిపించినప్పుడు పిల్లలతో కలిసి ఈ ప్రశ్నలు వేసుకుని చూడండి.

1. ఈ పని మార్కెట్ తనంతట తాను ఎందుకు చేయడం లేదు? సరైన కారణం కనిపించకపోతే, అక్కడ ప్రభుత్వ డబ్బు అవసరం లేదేమో.

2. నాలుగు దారుల్లో ఇది ఏది? పరిశోధనా, హక్కా, కొనుగోలా, వేదికా? సమస్యకూ దారికీ పొంతన ఉందా?

3. బిల్లు ఎవరికి వెళ్తోంది? పన్ను చెల్లింపుదారుకా, వినియోగదారుకా, బ్యాంకుకా, రేపటి తరానికా? ‘ఉచితం’ అన్న చోట ఈ ప్రశ్న మరింత అవసరం.

4. ఫలితం రాకపోతే ఆపే ఏర్పాటు ఉందా? ఫలితం వస్తే నష్టపోయేవారికి ఏం చేస్తారు?

బాపట్లలో వరి సంకరం చేసినవారికి, ఎయిమ్స్‌లో నవజాత శిశువులను గమనించినవారికి ఆ పని వల్ల దక్కిన ప్రతిఫలం, సమాజానికి దక్కినదాని పక్కన చాలా చిన్నది. నార్డ్‌హాస్ లెక్క చెప్పింది కూడా అదే. అన్నం గిన్నెలో, టీకా చుక్కలో, ఫోన్ తెరలో మనం రోజూ వాడుకుంటున్నది ఎవరో ముందుగా ఖర్చు పెట్టిన ఆలోచన. మనవళ్ల కాలానికి అలాంటివి మిగలాలంటే, మన తరం కూడా కొన్ని బిల్లులు ముందుగా కట్టక తప్పదు. ఆ బిల్లు న్యాయంగా పంచుతున్నారా లేదా అని అడిగే హక్కు, అవసరం మనందరికీ ఉన్నాయి.